తోకబండి

కళ్లజోళ్ల దుకాణం వారికి,

పాతకార్ల సంఘం కార్యదర్శి, వృత్తిరీత్యా పళ్ల డాక్టరు, నమస్కరించి రాసేది.

మీరు సంఘంలో చేరినందుకు మాకందరికీ సంతోషం. వానలు తగ్గగానే కార్లన్నీ కలిసి కొండమీదికి వెళ్లడం మనకి ఏటా అలవాటు. తెల్లారగానే బయల్దేరతాం. దారి నిద్రలో ఒత్తిగిలినట్టు అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. పైకి వెళ్లేసరికి మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయిట. "ఉంటాయిట" అని ఎందుకన్నానంటే, నేను చూడలేదు. ఏటా తోకబండి నాదే. ఆగిపోయినవాళ్లని తాడు కట్టి లాక్కుంటూ నేను చేరేసరికి మబ్బులు కాస్తా లేచి వెళ్లిపోతాయి. నేను చూసిన ప్రకృతి అంతా ముందు బండి నంబరు ప్లేటే.

ఏ బండి ముందు, ఏది వెనక అన్నదానికి మనకో నియమం ఉంది. అదేమిటో కొత్తవాళ్లకి చెప్పకూడదని తీర్మానం. తెలిస్తే ఎవరూ నిజం రాయరు. కాబట్టి మీ బండి గుణగణాలు ఉన్నదున్నట్టు రాసి పంపండి.

ఇట్లు,
పళ్ల డాక్టరు

తా.క. పోయినేడు బేకరీ ఆయన, తన వ్యానుని ఓ మేక దాటిపోయిందని కమిటీ ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆరా తీస్తే ఆ దరిదాపుల్లో మేకే లేదు.

* * *

డాక్టరు గారికి నమస్కారాలు.

మేక దాటిన బండిని సంఘంలో ఎలా ఉంచారండీ? సరే, నాకెందుకు.

నా మనసులో మాట చెప్పేస్తాను. నాకు అన్నిటికన్నా ముందు చోటు కావాలి. పెళ్లైన కొత్తలో ఇదే బండిలో మా ఆవిడని ఆ కొండకే తీసుకెళ్లాను. దారి పొడుగునా ఎదురుగా గడ్డి లారీ. దాటడానికి చోటు లేదు. పాపం, ఆవిడ చూసిందంతా గడ్డే. "ఒక్కసారి ఎదురుగా ఏదీ అడ్డం లేకుండా ఆ దారి చూపించండి" అని ఆనాడే అడిగింది. సరేనన్నాను. ఆ తర్వాత దుకాణం, పిల్లలు, పిల్లల చదువులు. ఊరందరికీ చూపు సరిచేస్తూ కూర్చున్నాను గానీ ఇంట్లో ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది.

సిఫారసు వద్దు. నా బండి సత్తా చూసి చోటివ్వండి. మా బండి గాలికి అన్నగారు. ఎక్కి కూర్చుంటే రోడ్డు కనబడదు, ఊళ్లే కనబడతాయి.

మీ
కళ్లజోళ్లాయన

తా.క. అన్నయ్యగారూ, నేను ఈయన భార్యని. ఉత్తరం మడతపెట్టే ముందు ఓ ముక్క. మొన్న కూరగాయలకని కార్లో వెళ్లాం. పక్కింటి పెద్దావిడ కిటికీ పక్కనే నడుస్తూ బజారుదాకా నాతో కబుర్లు చెప్పింది.

* * *

బావగారికి,

మీ ఆవిడ నన్ను అన్నయ్యా అంది కాబట్టి నాకు తోబుట్టువులు లేని లోటు తీరింది. మీరిక నాకు బావగారే.

గడ్డి లారీ సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ నేనేం చెయ్యను? నియమం చెప్పకూడదు. చెల్లాయి రాసింది లెక్కలోకి తీసుకుందామంటే, బండి విషయంలో భార్యల మాట చెల్లదని ఇంకో తీర్మానం. అది నేనే పెట్టాను, మా ఆవిడ నోటికి జడిసి.

బావగారూ, ఇంకోసారి నిదానంగా ఆలోచించి రాయండి. ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతుందా? ఆయాసమా? నీళ్లు మరుగుతాయా? నా దగ్గర సిగ్గుపడకండి. నా కుర్చీలో కూర్చునేవాళ్లు కూడా ముందు నొప్పేం లేదనే అంటారు.

మీ మేలుకోరే
బావమరిది

తా.క. ఈ ఏడు నా బండికి రెండో గేరు పోయింది. ఇంట్లో ఒకటే సంబరం.

* * *

బావగారికి,

దగ్గా? ఆయాసమా? నా బండికా? ఆ మాట ఇంకెవరైనా అనుంటే ఊరుకునేవాణ్ణి కాదు.

నాకర్థమైంది లెండి. మిగతావాళ్లు నాకన్నా ఘనంగా రాసుకున్నారు, అది పైకి చెప్పలేక మీరిలా సతమతమవుతున్నారు. అయితే వినండి. కొండ ఎక్కేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి నడపాలి, లేకపోతే బండి నా మాట వినదు. వెనక రెండు బండ్లు కట్టినా గడ్డిపోచతో సమానంగా లాగేస్తుంది. ఇంతకన్నా చెప్పుకుంటే సొంతడబ్బా అవుతుంది.

రెండో గేరు పోయినందుకు నా సానుభూతి. సంబరం ఏమిటో మాత్రం అంతుబట్టలేదు.

మీ
బావ

తా.క. అన్నయ్యగారూ, లాగడం నిజమే. మొన్న దీన్నే ఇద్దరు మనుషులు షెడ్డుదాకా లాక్కెళ్లారు.

* * *

బావగారికి,

ఎంత పని చేశారు బావగారూ! కొంప ముంచారు!

కమిటీ కూర్చుంది, వరుస ఖాయమైంది. ఇప్పుడిక నియమం చెప్పొచ్చు. మన సంఘంలో అందరికన్నా నెమ్మదైన బండి ముందు నడుస్తుంది. దాని నడకే అందరి నడక. అప్పుడు ఎవరూ వెనకబడిపోరు. అందరికన్నా సత్తా ఉన్న బండి తోకలో ఉండి, ఆగినవాళ్లని లాక్కురావాలి. మీ ఉత్తరం చదివాక కమిటీకి ఆలోచించే పనే లేకపోయింది. నేను ఏదో అనబోతే, మీరు రాసిందే నాకు చదివి వినిపించారు.

తాడూ, జాకీ మీ ఇంటికి పంపుతున్నాను. ముందు చోటు రెండో గేరు పుణ్యమా అని నాకొచ్చింది. ఇన్నేళ్లకి మబ్బులు చూస్తానన్న సంతోషం ఒకపక్క, చెల్లాయి మొహం ఒకపక్క. రాత్రి అన్నం సయించలేదు.

మీ
బావమరిది

తా.క. మీ ముందు నడిచేది బేకరీ వ్యాను. దాని వెనక తలుపుమీద పెద్ద రొట్టె బొమ్మ ఉంటుంది. చెల్లాయికి గడ్డి కన్నా కాస్త మార్పు.

* * *

బావగారికి,

మీ తాడు అందింది. ఆవిడ కోప్పడలేదు, అదే పెద్ద శిక్ష. యాత్ర రోజున వచ్చి పక్కన కూర్చుని, ఆ రొట్టె వైపే చూస్తూ ఉంది. పొగమంచు. ఆ రొట్టె కూడా సరిగ్గా కనబడలేదు.

దారి చీలిన చోట మీరు ఎడమకి తిరిగారు. మీ వెనకే అందరం. కాసేపటికి ముందునుంచి కబురు వచ్చింది: దారి తప్పాం, ఎదురుగా తాళం వేసిన గేటుంది, ఎక్కడి బండి అక్కడే వెనక్కి తిప్పుకోండి. తిప్పుకున్నాం. చూద్దును కదా, నా ముందు ఎవరూ లేరు!

తర్వాత ఏమని చెప్పను? చీలికదాకా వెనక్కి వచ్చి, కుడిదారి పట్టి, మా బండి నడకలో పైకి వెళ్లాం. అవును బావగారూ, అది నడకే, ఒప్పుకుంటున్నాను. నియమం ప్రకారం ముందుండాల్సింది అదే. ఒక్కో మలుపూ మెల్లగా తెరుచుకుంది. చెట్లు మంచులోంచి తడిగా పైకి లేచి, మేం దగ్గరికి రాగానే పక్కకి జరిగాయి. ఆకులమీది చుక్కలు అద్దంమీద రాలాయి, తుడవబుద్ధి కాలేదు. పైన ఆఖరి మలుపులో నేల ఆగిపోయింది. కింద అంతా మబ్బు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, స్టీరింగుమీదే.

మీరు ఆ రోజు కావాలనే దారి తప్పారు కదూ?

మీ
బావ

తా.క. అన్నయ్యగారూ, ఎదురుగా ఏదీ లేదు.

* * *

బావగారికి,

కావాలనే తప్పానని ఒప్పుకుని మహాత్ముణ్ణి అయిపోదామనే ఉంది. కానీ అబద్ధం ఎలా ఆడను? ఇన్నేళ్లూ తోకలో ఉన్నవాణ్ణి, నంబరు ప్లేట్లు తప్ప దారి ఎప్పుడు చూశాను గనక? చీలిక దగ్గర మంచులో తికమకపడ్డాను, అంతే. నియమాలు రాసిన కార్యదర్శి వాటిని తప్పుతాడా? మరీ చోద్యం.

పైకి నేను చేరేసరికి మబ్బులు లేచిపోయాయి, మామూలే. అయితే చెల్లాయి రాళ్లమీద కూర్చుని నాకు చెప్పింది, ఎలా ఉన్నాయో. ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది. చూసినంత పనైంది.

వచ్చే ఏటినుంచి బండి విషయంలో భార్యల మాటే చెల్లుతుందని తీర్మానం చేశాం.

మీ
బావమరిది

తా.క. వదినా, నేను డాక్టరు గారి భార్యని. ఇప్పుడు నా మాట చెల్లుతుంది కాబట్టి రాస్తున్నాను. ఈయన బండికి రెండో గేరు లక్షణంగా ఉంది, ముందు చోటు కోసం ఆడిన నాటకం అది. దారి కూడా బాగా తెలుసు. ఆ సంబరంలో ప్రతి ఆదివారం నన్ను కూర్చోబెట్టుకుని ఆ చీలికదాకా వెళ్లి, కుడివైపు దారిని కాసేపు చూసి, "పైది మాత్రం యాత్ర రోజే చూద్దాం" అని వెనక్కి తిప్పేవారు. ఆ రోజు అదే చీలిక దగ్గర అద్దంలో వెనక్కి చూశారు. మంచులో మీ బండి కనబడలేదు. "చెల్లాయికి రొట్టె బొమ్మేనే" అని, స్టీరింగు ఎడమకి తిప్పారు.