ఎదురుబండి

18వ తేదీ, బుధవారం సాయంత్రం

బావగారికి,

బావమరిది నమస్కరించి రాయునది. మేము కులాసా. అక్కా, నువ్వూ కులాసా అని తలుస్తాను. ‘గారు’ అన్నానని కంగారుపడకు, ఏడాదిగా మాట్లాడని మనిషికి ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. డిపోలో పదిమంది ముందు నా డ్రైవింగ్ ఎద్దుబండి తోలినట్టుందన్నావు. నేనూ తక్కువ తినలేదు, నీ బట్టతల దాకా వెళ్ళాను. అంతటితో మాటలు బంద్. ఎదురుబండి వస్తే స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు లేపడం మన డ్రైవర్లందరికీ అలవాటు కదా, మనిద్దరం అదీ మానేశాం. ప్రమాదం తర్వాత నువ్వు రెండుసార్లు మా గుమ్మం దాకా వచ్చినా నేను బయటికి రాలేదు.

ఇవాళ కోర్టులో చూసింది మాత్రం నీకే చెప్పాలనిపించింది.

ఆస్పత్రి స్టాపు దగ్గర నా బస్సు కింద కాలు నలిగిన టైలరమ్మ సాక్ష్యానికి వచ్చింది. మిషను తొక్కే కాలే పోయింది బావా. చంకకర్రలు టకటకలాడించుకుంటూ బోనెక్కి, కుర్చీ వేస్తామంటే వద్దంది. ఆవిడ నోటి మాటతో నా లైసెన్సూ పోతుంది, జైలూ ఖాయమని మా లాయరు ముందే చెప్పి ఉంచాడు. నేను తల దించుకుని నా చెప్పులే చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ మాత్రం, ఆ రోజు జాకెట్లు ఇవ్వాల్సిన టైం దాటిపోయిందని హడావుడిలో, అటూ ఇటూ చూడకుండా తానే రోడ్డు మీదికి దిగానని చెప్పింది. ప్రభుత్వ లాయరు తెల్లబోయి, బాగా ఆలోచించుకుని చెప్పమన్నాడు. గుడ్డ తప్పు కత్తిరించినప్పుడు కత్తెరని తిట్టే అలవాటు తనకి లేదంది. డ్రైవరుకీ పిల్లలుంటారు కదా అని కూడా అంది.

నన్ను తిడితే ఆవిడని తప్పుపట్టేవాళ్ళు ఒక్కరూ లేరు, అయినా నిజమే చెప్పింది. అంత ఎత్తు మనిషిని నేనింతవరకు చూడలేదు బావా. దిగి వెళ్తూ నా పక్కన ఒక్క క్షణం ఆగి, భోజనం చేశావా అని అడిగింది.

మా లాయరు నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. గండం గట్టెక్కినట్టేనట. మీ చెల్లెలు ప్రమాదం జరిగిన ఎనిమిది నెలల తర్వాత ఇవాళ కడుపునిండా తింది. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ ఎద్దుబండి బావమరిది

తా.క.: ఇది రాయకుండా కవరు అంటించలేకపోయాను. ప్రమాదం జరిగిన రోజు నువ్వు నీ బస్సుతో ఎదురొచ్చావు. అన్ని నెలల తర్వాత మొదటిసారి రెండు వేళ్ళు లేపావు. నాకేనా, నా వెనక వచ్చే బండికా అని నేను తల తిప్పి చూశాను. ఆవిడ దిగింది అప్పుడే. కళ్ళు రోడ్డు మీద ఉండుంటే బ్రేకు అందేది. నీకు మొహం చూపించలేకపోయింది అందుకే, కోపంతో కాదు. చూపు తిప్పలేదని పోలీసులకి అబద్ధం చెప్పాను. రేపు జడ్జిగారు నన్ను అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మీ చెల్లెలికి ఇంకా తెలియదు, అక్కని పంపించు. ఇందులో నీ తప్పు రవ్వంత కూడా లేదు. నన్ను లోపల వేస్తే చూడటానికి రా. ఆ రెండు వేళ్ళూ లేపు. ఈసారి నాకేనా అని వెనక్కి తిరిగి చూడను.