నాపరాయి మీద కడియం

ప్రొద్దుటూరు,
7-7-2025, సోమవారం.

ఖమ్రున్నీసాకు గౌరి నమస్కారాలు, ఫరూఖన్నకు సలాములు.

ఇక్కడ మేమంతా బాగున్నాం, వాన పడలేదనే దిగులు తప్ప. మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. బాగలేకపోతే సరుకుతో పాటు పెట్టే చీటీలో రాసేదానివి కదా. ఈసారి చీటీలో ఎన్ని జతలో రాశావే తప్ప ఒక్క మంచి మాట లేదు. నాకు అది కూడా అనుమానంగానే ఉంది.

నాన్చడం నాకు చేతకాదని నీకు తెలుసు. జమ్మలమడుగు బడిలో ఐదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. కాబట్టి సూటిగా రాస్తున్నాను. నువ్వు పంపిన ఆరు జతల వెండి కడియాలు మోగలేదు.

నాపరాయి మీద వేస్తే మంచి వెండి ఖంగుమనాలి, ఆ మోత సన్నగా సాగిపోవాలి. మా నాయన పోయినప్పటి నుంచి, ముప్పై ఏళ్లుగా, ఈ అంగట్లో ఆ రాయి ముందు కూర్చునేది నేనే. పక్క అంగళ్ల వాళ్లు కూడా అనుమానం వస్తే వస్తువు తెచ్చి నా రాయి మీదే వేసి, ఏమంటావు గౌరక్కా అని నా మొహం చూస్తారు. నీ కడియాలు టక్కుమని ఆగిపోయాయి. రాయి తుడిచి వేశాను, పక్క పలక మీద వేశాను. పన్నెండింటిదీ అదే తీరు.

పులివెందుల సర్దార్ సరుకు కూడా నాకు వస్తుంది కదా. అది తొలి బస్సుకు వస్తుంది, అంగడి ఊడ్చే వేళకే దిగుతుంది. వేశానంటే మోత వీధిలోకి వినపడుతుంది. నీది పన్నెండున్నర బస్సుకు వస్తుంది. అదే రాయి, అదే చెవి. ఇక తేడా ఎక్కడుంది? వెండిలోనే ఉండాలి.

నువ్వు కల్తీ చేశావని నేననడం లేదు. కరిగించే పనికి కొత్తగా ఇద్దరిని పెట్టుకున్నావట, వాళ్లను కనిపెట్టు. నీకు వెండి అమ్మేవాణ్ణి కనిపెట్టు. రాయకూడదు గానీ రాస్తున్నాను, మీ ఆయనే అయినా ఫరూఖన్న మీద కూడా ఒక కన్ను వెయ్యి. కువైట్ నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఆయనకు మన పద్ధతులు ఇంకా పట్టుబడి ఉండవు. తర్వాతి సరుకు కూడా ఇట్లాగే పలికితే నేను బజారులో చెప్పక తప్పదు. తెలిసి దాచానంటే నా మాటకు విలువుండదు.

నా సంగతంటావా, ఆర్నెల్లుగా చెవుల్లో సన్నగా గుయ్యిమంటోంది, దోమ తిరిగినట్టు. పొద్దున లేస్తే ఉందా లేదా అన్నట్టుంటుంది. ఎదురంగట్లో పాలిష్ మిషన్ వేసి, సందులో సుత్తెలు మొదలై, సెల్‌ఫోన్ల వాడు స్పీకరు పెట్టేసరికి పెరుగుతుంది, ఈ మధ్య మరీ ఎక్కువైంది. ఇంటికి పోయి కాసేపు పడుకుంటే తగ్గుతుంది. మా కోడలు రూప బలవంతాన డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. చిన్నదేనమ్మా, భయం లేదు, రొదకు కొంచెం దూరంగా ఉండు అన్నాడాయన. రొదకు దూరంగా ఉంటే అంగడెవరు చూస్తారు? బయటికి రాగానే రూప, నేను కూర్చుంటాలే అత్తా, నువ్వు ఇంటికాడ ఉండు అంది. నన్ను డాక్టరు దగ్గరకు ఎందుకు తీసుకుపోయిందో అప్పుడర్థమైంది నాకు.

సరుకు తిప్పి పంపుతున్నాను. మనసులో పెట్టుకోవద్దు.

నీ
గౌరి


ప్రొద్దుటూరు,
23-7-2025, బుధవారం.

ఖమ్రున్నీసాకు,

ఈసారి క్షేమసమాచారాలు అడిగే ఓపిక లేదు. మీరు క్షేమంగా లేరని నాకు తెలుసు, ఎందుకు లేరో కూడా తెలుసు. అయినా అడిగినట్టే అనుకో.

నీ జవాబు చదివాను. "నా యెండికి ఏం కాలేదు గౌరీ, నువ్వు చెవి బాగా చూపిచ్చుకో" అని రాశావే, నీకు చేయెట్లా వచ్చింది? నమ్మి నా ఒంట్లో నలత చెప్పుకుంటే దాన్నే తీసుకొచ్చి నా మొహాన కొట్టావు. పైగా రెండోసారి పంపిన ఐదు జతలూ అదే వరస. ఒక్కటీ మోగలేదు.

పోయిన సోమవారం ఫరూఖన్నే ఆ సరుకు తెచ్చి మిట్టమధ్యాహ్నం అంగడి ముందు నిలబడ్డాడు. నోరు కదలడం కనిపించింది గానీ మాట సగమే వినపడింది. నిజం చెప్పేవాడు అంత మెల్లగా ఎందుకు మాట్లాడాలి ఖమ్రూ? గట్టిగా చెప్పమంటే, "మిషన్లో టంచ్ చూపిద్దాం పామ్మా, యెంత యెండి ఉండాదో అదే చెప్తాది, శానా యేండ్ల సావాసం మనది" అన్నాడు. మా నాయన రాయి ముందు నిలబడి నాకు మిషన్ మాట చెప్తాడా! వినపడింది పొమ్మన్నాను. పోతూ పోతూ రూపతో ఏదో గుసగుసలాడాడు. ఏమన్నాడే అంటే, ఏం లేదత్తా, నీ ఆరోగ్యం అడిగినాడు అంది. నేనేమన్నా చిన్నపిల్లనా?

ఆ మర్నాడు, మంగళవారమే భానుప్రకాష్ అంగడికి పోయి చెప్పాను, జమ్మలమడుగు కడియాలు ఇక తీసుకోవద్దని. తక్కిన ఆరు అంగళ్లకూ చెప్పాను. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. గౌరక్క చెప్పిందంటే చాలు వాళ్లకు.

నీ దగ్గర పనిచేసే ఇద్దరూ మానేశారని విన్నాను. ఫరూఖన్న మళ్లీ కువైట్ పోవడానికి కడపలో ఏజెంటును కలిశాడని, పాస్‌పోర్టు కూడా ఇచ్చేశాడని విన్నాను. పన్నెండేళ్లు అక్కడ బండి తోలి వచ్చినవాడు. ఇక పోనని నా ఎదుటనే నీకు మాటిచ్చాడు. ఆ రోజు నువ్వు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. బాధగానే ఉంది. కానీ అడుగుతున్నాను, తప్పు చేయనివాడు ఊరెందుకు వదులుతాడు?

ఇప్పటికైనా ఒక మాట రాయి. తెలియక కలిసిపోయిందను, పనివాళ్లు చేశారను, ఏదో ఒకటి ఒప్పుకో. ఏడు అంగళ్లకూ నేనే పోయి సర్దిచెప్తాను. ఆయన ప్రయాణం ఆగుతుంది. ఒప్పుకోకపోతే నా చేతుల్లో ఏమీ లేదు.

ఇప్పటికీ నీ బాగు కోరే
గౌరి

తా.క. 25-7-2025, శుక్రవారం సాయంత్రం. పై ఉత్తరం చింపేద్దామనుకున్నాను. నేనెంతకు తెగించానో నీకు తెలియాలని అట్లాగే పంపుతున్నాను.

బుధవారం బస్సు తప్పిపోయి, తిప్పి పంపాలనుకున్న నీ ఐదు జతలూ అంగట్లోనే ఉండిపోయాయి. నిన్న అమావాస్య. నీకు తెలుసు కదా, అమావాస్యనాడు మా బజారులో ఎవరూ సుత్తె పట్టరు, కొలిమి రాజేయరు, నేను వెండి రాయి మీద వేయను. దీపం పెడదామని పోయి, ఎట్లాగూ వచ్చాను కదా అని నీ మూట ఒకసారి విప్పాను. ఒక కడియం చేయి జారి నాపరాయి మీద పడింది. ఖంగుమంది ఖమ్రూ. ఆ మోత ఎంతసేపు సాగిందో చెప్పలేను.

నా బుద్ధి చూడు, మొదట నేననుకున్నది ఎవరో రాత్రికి రాత్రి సరుకు మార్చారని. కానీ మూటకున్న ముడి నేను వేసిందే. అమావాస్యని కూడా చూడకుండా పదీ వేశాను. పదీ మోగాయి. గడియారం చూస్తే పన్నెండున్నర. వీధిలో ఒక్క మిషన్ లేదు, నా చెవిలో దోమ లేదు. ఈరోజు అదే వేళకు, బజారంతా రొదగా ఉన్నప్పుడు, పొద్దున మోగిన సర్దార్ కడియాన్నే మళ్లీ వేసి చూశాను. టక్కుమని ఆగిపోయింది. నా చెవిలో గుయ్యిమనడం పెరిగిన వేళకు ఆ సన్నని మోత నాకు అందడం లేదు. ఆ వేళకు వచ్చేది నీ సరుకొక్కటే.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి చేయి రావడం లేదు. ఫరూఖన్న వచ్చిపోయిన మర్నాడు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా నీ కడియం ఒకటి టంచ్‌కు తీసుకుపోయాను. మంచి వెండి అని చీటీ ఇచ్చాడు. వాడికీ మీకూ ఏదో లోపాయికారీ ఉందనుకున్నాను. కాదు, అట్లా అనుకోవడానికి తంటాలు పడ్డాను. ఆ చీటీ నిజమైతే నా చెవి పోయినట్టే. చెవి పోతే బజారులో నన్నెవరు అడుగుతారు? చీటీ గల్లాపెట్టె అడుగున పెట్టి, అదే రోజు పోయి ఏడు అంగళ్లకూ నీ పేరు చెప్పాను. నా పేరు నిలబెట్టుకోవడానికి నీ పేరు తీశాను.

ఈ మధ్యాహ్నం చీటీ పట్టుకుని ఏడు అంగళ్లకూ పోయాను. నా చెవి సంగతి కూడా చెప్పాను. భానుప్రకాష్ నమ్మలేదు. నవ్వుతూ ఒక గిన్నె తీసి నా ముందే వేసి, ఇది చెప్పక్కా చూద్దాం అన్నాడు. నాకు తెలీదప్పా, మిషన్‌కు పంపు అన్నాను. అతని నవ్వు ఆగిపోయింది. నీ దగ్గర తనకు పది జతలు కావాలని కబురు పెట్టమన్నాడు. చీటీ దీంట్లోనే పెట్టాను, ఏజెంటు దగ్గరి నుంచి ఆ పాస్‌పోర్టు వెనక్కు తెప్పించు.

ఆదివారం నేను వస్తాను. ఫరూఖన్న ముందు, నీ ముందు తల వంచుకుని నిలబడాలి. రావద్దంటే రేపటి బస్సుకు ఉత్తరం పంపు, రాను. ఫోన్‌లో మాత్రం చెప్పొద్దు. నాకు సరిగా వినపడలేదని, రమ్మన్నావనే అనుకుని వచ్చేస్తాను.