ప్రకటన మళ్ళీ చదివిస్తాడట

ఆదివారం రాత్రి

నాకు చదువు రాదు. నేను చెప్పింది చెప్పినట్టు మనవరాలు రాస్తోంది.

ఇవాళ కాటన్‌పేట చర్చిలో ఆరాధన అయ్యాక దేవదానం ఎదురుపడ్డాడు. వయసులో నన్ను ప్రేమించి వదిలేసిన పెద్దమనిషి. మళ్ళీ చూస్తాననుకోలేదు.

"శాంతా, నా పెండ్లాం పోయె, నీ మొగుడూ పోయె. ఇప్పుడన్నా పెండ్లి చేసుకుందాం. అయ్యగారితో ప్రకటన చదివిస్తా" అన్నాడు.

మా పెళ్ళి ప్రకటన ఆ వయసులోనే ఒకసారి చదివారు. పెళ్ళికి ముందు చర్చిలో అలా మూడు ఆదివారాలు చదవాలి. రెండో ఆదివారం, "ఎవరికైనా అభ్యంతరమా?" అని పాస్టరు అయ్యగారు అడగ్గానే దేవదానం వాళ్ళమ్మ లేచి, "అగరబత్తీలు చుట్టే కూలిది మా ఇంటికొద్దు" అంది. సంఘమంతా నా వైపు తిరిగింది. ఈయన మాత్రం తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు.

"అమ్మ పోయి శానా కాలమాయె. ఇంక అడ్డు చెప్పేదానికి ఎవురుండారు?" అని ఇవాళ నవ్వాడు.

"నేనుండాను కదప్పా" అన్నాను.

"ఇంకా అంత కోపమా?"

రాయవే, ఆపకు. కోపం కాదు. ఆ రోజు వాళ్ళమ్మ లేచినందుకు నేను ఏడవలేదు. ఈయన నా కోసం లేస్తాడేమోనని ఎదురుచూస్తూ, చర్చి ఖాళీ అయ్యేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.