ఎడంచేతి రాత

2010 మే 11, మంగళవారం

ఇది రాయడం దండగ అనుకున్నాను. డైరీ మూసేసి, పెన్నుకి క్యాప్ కూడా పెట్టేశాను. మళ్లీ తీశాను. గొడవ హార్లన్‌తో. ఏదైనా చెప్పుకోవాలంటే నాకున్నదీ ఆ హార్లనే. ఇక మిగిలింది ఈ కాగితం.

సంగతేమిటంటే, ప్రభుత్వం పన్నులూ ఖర్చులూ తగ్గించాలనే టీ పార్టీ ఉద్యమం మా ఊళ్లోకీ వచ్చింది. పేరు టీ, అందరూ తాగేది కాఫీ. హార్లన్ ప్లంబర్. నలభై ఏళ్లుగా ప్రతి మంగళవారం ఇద్దరం చేపలకి వెళ్తాం. ఈవేళ గాలం వెయ్యకుండానే ఉపన్యాసం మొదలెట్టాడు. పన్నులు, అప్పులు, వాషింగ్టన్.

"జూలై నాలుగు, స్వాతంత్ర్య దినాన ఊరేగింపురా ఎమ్మెట్. మా పక్కన నడుస్తావా, ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తావా?" అన్నాడు.

ఆలోచిస్తానన్నాను.

"పెళ్లికీ ఇలాగే ఆలోచించావు. డోరిస్ గనక లాక్కెళ్లింది."

డోరిస్ ఉంటే పడీపడీ నవ్వేది. మా ఆవిడ పోయి మూడేళ్లు. వీడు కూడా దూరమైతే నాకిక మంగళవారాలు లేవు.

పన్నుల విషయంలో వాడితో నాకు పేచీ లేదు. బ్యాంకులు మునిగితే ప్రభుత్వం పరిగెత్తుకెళ్లింది. సైన్‌బోర్డులు రాసే నా షాపు మూతపడితే పలకరించిన వాడు లేడు. నా అనుమానం వేరే. ఈ ఉద్యమం మా ఒహాయో మట్టిలో మొలిచిందా, ఎవరైనా కుండీతో సహా తెచ్చి పెట్టారా?

మే 20

చర్చి హాల్లో మీటింగ్. తలుపు పక్కనే కూర్చున్నాను. పారిపోవడానికి వీలుగా ఉంటుందని. వచ్చినవాళ్లలో సగం మంది దుకాణాల పేర్లు నేను రాసినవే. మూడో క్లాసు టీచరుగా చేసి రిటైరైన వెర్నా లేచి, తనకి రాజకీయాలు తెలియవనీ, మనవల కోసం భయపడుతున్న మామూలు అమ్మమ్మననీ చెప్పింది. గొంతు వణికింది. నేనూ చప్పట్లు కొట్టాను.

తర్వాత మా రాష్ట్ర రాజధాని కొలంబస్ నుంచి బ్లేక్ అనే ఆయన వచ్చాడు. మట్టి తగలని బూట్లు. "మన ఉద్యమానికి నాయకుడంటూ ఎవరూ లేరు" అన్నాడు మైకు పట్టుకుని. ఆ మైకు ఇంకెవరికీ ఇవ్వలేదు.

మే 21

టీవీలో టెక్సాస్ అమ్మమ్మ ఒకావిడ అచ్చం వెర్నా మాటలే చెప్పింది. వణుకుతో సహా.

మే 25, మంగళవారం

హార్లన్‌కి చెప్పాను. అమ్మమ్మలందరి భయం ఒకటేనన్నాడు. "డోరిస్ శవపేటిక దగ్గర నువ్వు చదివినవి నీ సొంత మాటలేంట్రా?"

కాదు. గ్రీటింగ్ కార్డులోవి. ఏడుపు మాత్రం నాదే. గాలానికి ఎర గుచ్చాను.

వాడే మళ్లీ, "కుళాయిలో నీళ్లొస్తున్నాయా లేదా చూసుకో. ఎక్కణ్నుంచి వస్తే నీకెందుకు?" అన్నాడు. ప్లంబర్ అనాల్సిన మాటేనా అది?

జూన్ 10

బ్లేక్‌ని వెంటబెట్టుకుని హార్లన్ నా షెడ్డుకొచ్చాడు. ఊరేగింపుకి బోర్డు రాసిపెట్టాలట. 'మా జేబులోంచి చెయ్యి తియ్యండి' అని. పని దొరికిన సంబరంలో ఎవరు రాయమన్నారన్నది మర్చిపోయాను. బ్రష్షు పట్టుకుని ఎన్నాళ్లయిందో! ఉడత వెంట్రుకల బ్రష్షు అది, పడుచుపిల్ల కన్నా గారం. ఈ పనిలో మనిషి ఎంతటివాడో S అక్షరం చెప్పేస్తుంది. పై వంపు కింది వంపు కన్నా వెంట్రుకవాసి చిన్నదిగా ఉండాలి, చూసేవాడికి సమానంగా కనబడాలి. నా మొదటి మేస్త్రీ నాచేత నెలరోజులు S ఒక్కటే రాయించాడు. కలలో పాములొచ్చేవి.

సరే, రాశాను. బ్లేక్ చూసి పెదవి విరిచాడు.

"మరీ బాగుందండీ. ఎవరో డబ్బిచ్చి రాయించినట్టుంది."

ఎవరూ ఇవ్వలేదు కదా అన్నాను.

"అదేనండీ. ఇవ్వనట్టు కనపడాలి."

వంకరగా ఉండాలట, చివరి అక్షరాలు చోటు చాలక ఇరుక్కోవాలట. ఎడంచేత్తో ప్రయత్నించమని ఆయనే సలహా ఇచ్చాడు. హార్లన్ నేల చూపులు చూస్తున్నాడు. బ్లేక్ కారెక్కాక, "నా కోసం రాయరా" అన్నాడు.

ఎడంచేత్తో రాశాను.

జూలై 4

హార్లన్ పక్కన నడిచాను. వాడి నెత్తిన స్వాతంత్ర్య పోరాటం నాటి సైనికుల మూడు కొమ్ముల టోపీ. చెవుల మీదికి జారి, బోర్లించిన గరాటులా ఉంది. పట్నం నుంచొచ్చిన పత్రికాయన వాడి చేతిలో నా బోర్డు చూసి పొంగిపోయాడు. అసలు సిసలు సామాన్యుడి కోపమంటే ఇదేనన్నాడు. నాలుగు ఫోటోలు తీశాడు.

వెర్నా తన బోర్డు తనే రాసుకుంది. స్కేలుతో గీసిన పెన్సిల్ గీతలు కింద ఇంకా కనబడుతున్నాయి. పత్రికాయన ఆవిణ్ణి, "ఇది ఏ కంపెనీ ప్రింట్ చేసిచ్చిందండీ?" అని అడిగాడు.

"నేనే రాశాను నాయనా. నా జీవితమంతా పిల్లలచేత అక్షరాలు దిద్దించాను" అందావిడ.

ఆయన నమ్మనట్టు నవ్వి ఏదో రాసుకున్నాడు. తర్వాత దారంతా ఆవిడ బోర్డు దించే నడిచింది. ఏ బోర్డు ఎలా తయారైందో నేను చెప్పచ్చు. పక్కన హార్లన్ ఉన్నాడు. చెప్పలేదు.

జూలై 6, మంగళవారం

పేపర్లో ఫోటో పడింది. హార్లన్ రెండు కాపీలు కొన్నాడు, ఒకటి నాకు. ఇప్పటికైనా నీ అభిప్రాయం తేలిందా అన్నాడు.

తేలిందన్నాను. నీ కోపం నిజమే, వెర్నా భయం నిజమే, నా బోర్డు మాత్రం దొంగది, పేపర్లో పడింది అదే అన్నాను.

"ఇంతకీ మాతో ఉన్నట్టా, లేనట్టా?"

"నీ పక్కన నడుస్తాను. బోర్డులు రాయను."

సెప్టెంబరు సభకి ఇంకో ఇరవై రాయిస్తానని బ్లేక్‌కి మాటిచ్చేశాడట. నన్నడక్కుండానే. గాలం ఊగింది. ఇద్దరిలో ఎవరమూ లాగలేదు.

జూలై 13, మంగళవారం

హార్లన్ రాలేదు.

జూలై 20, మంగళవారం

తలుపు చప్పుడైతే హార్లనేమో అనుకుని గబగబా వెళ్లాను. వెర్నా. చంకలో ఏమీ రాయని అట్ట.

"ఏమయ్యా ఎమ్మెట్, నువ్వు ఎడంచేత్తో బాగా రాస్తావట. హార్లన్ చెప్పాడు. నా రాత నాదంటే ఎవరూ నమ్మట్లేదు, నాకొకటి రాసిపెట్టు."

చెయ్యి నొప్పిగా ఉందన్నాను.

ఏ చెయ్యి అని అడిగింది.

రెండూ అన్నాను.

కాఫీ తాగి వెళ్లింది. అట్ట ఇక్కడే మర్చిపోయింది.