సొల్లు మీటింగ్

అప్పా,

నీకు తెలుగు చదవరాదు, నాకు తమిళం రాయరాదు. నువ్వుంటే ఈ ఉత్తరం కూడా నేనే చదివి వినిపిస్తుంటి.

నిన్న కాజీపేటల మన తమిళ సంఘం కొత్త హాలు తెరిసిండ్రు. నీ ఫోటోకు మల్లెపూల దండ ఏసిండ్రు. "సంఘం ఎట్ల పుట్టిందో నువ్వే చెప్పాలె, అది గూడ తమిళంల" అని నన్ను మైకు ముందట నిలబెట్టిండ్రు.

పుట్టింది మన రైల్వే క్వార్టర్ వరండాలనే గదా! ఆదివారమొస్తే డ్యూటీ దిగిన నీ దోస్తులంత అక్కడ్నే కూసునేటోళ్లు. ఒకరు మాట ఆపంగనే ఇంకొకరిని "సొల్లు, సొల్లు" అనేటోళ్లు. తమిళంల అంటే 'చెప్పు' అని. పక్కింటి యాదమ్మత్తకు మాత్రం సొల్లు అంటే పనికిరాని ముచ్చటే. "పొద్దుగాల్నే సొల్లు మీటింగ్ షురువైంది" అని ఆమె అంటే వాడంత నవ్వేది. నువ్వేమో "అవునక్కా, సొల్లే. జర మీరు గూడ రండ్రి" అని చాయ్ ఇచ్చేటోనివి.

నిన్న నా తమిళం మొదట బాగనే నడిచింది. నీ పేరు కాడికి రాంగనే నీ ఫోటో దిక్కు చూసి ఆగిపోయిన. ముందు వరుసల యాదమ్మత్త చేతికట్టె నేలకు కొట్టి గట్టిగ అన్నది:

"సొల్లు బిడ్డా, సొల్లు!"

అందరు ఒక్కటే నవ్వుడు. నేను గూడ నవ్వుకుంటనే నీ పేరు చెప్పిన.

అప్పా, ఈసారి ఆమె ఆ మాట తమిళంల అన్నది.