అమ్మమ్మకు సున్నా

బావా,

నువ్వు పిరికివాడివి. ఇంకాస్త మెత్తని మాట కోసం వెతికాను, దొరకలేదు.

"పనిగంటల చట్టం ఎవరు తెచ్చారు?" అని నువ్వు క్లాసులో పరీక్ష పెడితే, నీ కూతురు "మా అమ్మమ్మ, ఆమెతోపాటు మిల్లు ఆడవాళ్లు" అని రాసింది. పాఠంలో "శాసనసభ" అని ఉంది కాబట్టి సున్నా వేశావు. మీ అత్తగారు సమ్మెలో శాసనసభ గేటుకు అడ్డంగా కూర్చున్న సంగతి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పి మురిసిపోయేది నువ్వే కదా మాస్టారూ. ఎర్ర పెన్ను చేతికి రాగానే ఆవిణ్ణి మర్చిపోయావా? సభలో చేతులెత్తినవాళ్లదే చరిత్రా? ఆ చేతులు ఎత్తించినవాళ్లది కాదా?

అమ్మ మాత్రం నిన్నే వెనకేసుకొస్తోంది. "అల్లుడు పుస్తకంలో ఉన్నట్టు దిద్దాడు, మధ్యలో నీకెందుకురా?" అంటోంది. నా బాధ మార్కుల గురించి కాదు. మొన్న పాప వచ్చి, "అమ్మమ్మా, నువ్వు నిజంగా అక్కడ కూర్చున్నావా, ఊరికే చెప్పావా?" అని అడిగింది. అమ్మ నవ్వేసి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ ఆ కథ ఎత్తలేదు.

నీ మీద నాకున్న ప్రేమ ఎక్కడికీ పోదు. నాకు ప్రశ్నించడం నేర్పిందే నువ్వు. అందుకే నిన్ను వదలను.

నా డిమాండ్లు ఇవి:

ఒకటి, పాపకు సగం మార్కు వెయ్యి. ఓటేసింది సభే గనక మిగతా సగం వాళ్లకు వదిలేస్తున్నాను.

రెండు, వచ్చేవారం పిల్లలకు శాసనసభ చూపించేటప్పుడు అమ్మనీ తీసుకెళ్లు. లోపలికి వెళ్లేముందు గేటు దగ్గర ఆగండి.

మూడు, అక్కడ పాఠం అమ్మ చెబుతుంది. నువ్వు పాప పక్కన కూర్చుని విను.