గోడకుర్చీ రెండు నిమిషాలు

నవంబరు 3, సోమవారం. ఉదయం 6:10
తీర్మానం చేసుకున్నాను. ఎర్ర ఇంకుతో రాసి సంతకం కూడా పెట్టాను.

మా ఆఫీసు పని మంచు లోతు కొలవడం. కొండ మీద వరసగా గుర్తుకర్రలు పాతి ఉంటాయి. కాళ్లకు స్కీలనే జారుడు పలకలు కట్టుకుని రోజుకు ఎనిమిది గంటలు తిరిగి, ఒక్కో కర్ర దగ్గర మంచు ఎంత ఉందో రాసుకురావాలి. ఆ రాతల్ని గదిలో కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. రెండేళ్లుగా మంచు గురించి నాకు అన్నీ తెలుసు. చూడలేదు, అంతే.

కొండ బృందంలో ఒక ఖాళీ వచ్చింది. 24న పరీక్ష. గోడకుర్చీ రెండు నిమిషాలు (స్కీల మీద రోజంతా మోకాళ్లు వంచే నిలబడాలట). ఎనిమిది కిలోల సంచితో పది అంతస్తులు. ఒంటికాలి మీద ఒక నిమిషం.

మా ఇంట్లో మొదట బడిమెట్లు ఎక్కింది నేనే. ఇంతవరకు ఒక్క పరీక్షా తప్పలేదు. లైబ్రరీ నుంచి వ్యాయామం పుస్తకాలు మూడు తెచ్చాను. టైంటేబుల్ వేశాను, నాలుగు రంగుల్లో!

సాయంత్రం 6:30
గోడకుర్చీ: 11 సెకన్లు.
కారణం దొరికింది. బడిలో బుద్ధిమంతురాలిని కావడం. ఒక్క రోజూ గోడకుర్చీ వేయించుకోలేదు. పునాదే లేదు.

నాయనమ్మ చూసి తలుపు దగ్గరగా వేసింది. “ఆఫీసులో ఏం తప్పు చేశావే?” అని గుసగుసగా అడిగింది. తొడ కండరాల గురించి పది నిమిషాలు చెప్పాను. అంతా విని, ఎవరికీ చెప్పనులే, క్షమాపణ అడిగితే పోయేదానికి ఇంత శిక్ష ఎందుకు అంది.

నవంబరు 5. ఉదయం 7:00
మా ఇంటి చట్టం: పుస్తకం పట్టిన చెయ్యి బరువు పట్టకూడదు. నాన్న ఫర్నిచర్ దుకాణంలో బీరువాలు మోస్తారు. అమ్మ హోటల్లో దుప్పట్లు ఉతికి నాలుగో అంతస్తుకు చేరవేస్తుంది. నేను ఒకటో తరగతి నుంచీ బకెట్ ముట్టుకోలేదు.

ఇవాళ గ్యాస్ సిలిండర్ ఎత్తబోయాను. నాన్న వచ్చి పక్కన పెట్టారు. సిలిండర్ని కాదు, నన్ను.

సంచి సిద్ధం. కాలేజీ పుస్తకాలు ఎనిమిది. కిందింటి దర్జీ దగ్గర, గుడ్డముక్కలు తూచే త్రాసు మీద తూకం వేయించాను. సరిగ్గా ఎనిమిది కిలోలు. మా మేడ ఐదంతస్తులు, రెండుసార్లు ఎక్కితే పది.
ఫలితం: రెండో అంతస్తు. దర్జీ మంచినీళ్లు ఇచ్చాడు. ఎవరినైనా పిలవాలా అని కూడా అడిగాడు.

నవంబరు 8
నాలుగో అంతస్తు!

నవంబరు 10
ఐదూ ఎక్కేశాను! రెండో పుస్తకంలో రాసినట్టే, ఒళ్లు అలవాటు పడుతోంది.

నవంబరు 12
పది అంతస్తులు. ఆయాసం లేదు. సంచి పూలబుట్టలా ఉంది. దర్జీ కూడా నోరు తెరిచి చూశాడు.
గోడకుర్చీ: 2 నిమిషాల 40 సెకన్లు. నిజం రాయాలంటే, కళ్లు మూసుకుని మంచును ఊహించుకుంటుంటే నాయనమ్మ కిందకి స్టూలు తోసింది. 14 సెకన్లు నావి, మిగతావి స్టూలువి. లేవాలనే అనుకున్నాను. పెద్దావిడ మనసు నొచ్చుకుంటుందని లేవలేదు.

నవంబరు 13. వాన. మెట్లు జారతాయి.
నవంబరు 14. వాన లేదు. నిన్నటి తడి ఉండొచ్చు.
నవంబరు 15. మూడో పుస్తకం, 41వ పేజీ: “విశ్రాంతి కూడా వ్యాయామమే.” ఇంత మంచి పుస్తకాన్ని ముందే చదవాల్సింది.
నవంబరు 16. ఆదివారం.
నవంబరు 18. విశ్రాంతి అధ్యాయం రెండోసారి పూర్తి. ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీశాను.

నవంబరు 20
సంచితో పది అంతస్తులు. మధ్యలో పాట కూడా పాడాను. విశ్రాంతి ఫలితం! గోడకుర్చీ పరీక్ష రోజు ఎలాగూ వేస్తాం కదా, ఇప్పుడెందుకు అరగదీయడం.

నవంబరు 23
పునశ్చరణ. నోట్సు మొత్తం రెండుసార్లు చదివాను. కండరాల పేర్లు కంఠస్థం.

నవంబరు 24. సాయంత్రం 5:00
ఒంటికాలు: పాస్.
గోడకుర్చీ: 19 సెకన్లు.
సంచి (వాళ్లదే): ఎత్తబోతే నేలకు మేకులు కొట్టారేమో అనిపించింది. ఇది ఎనిమిదేనా సార్ అని అడిగాను. కొండ సారు (కొండ బృందానికి పెద్ద, పేరుతో ఎవరూ పిలవరు) నా ముందే తూచారు. ఎనిమిదే. మూడో అంతస్తులో కూలబడ్డాను.

ఆయన కోప్పడలేదు. “చదివి వచ్చావమ్మా. మోసి రాలేదు” అన్నారు. ఖాళీ డిసెంబరు 22 వరకు ఉంచుతారట. ఆ రోజూ తప్పితే నేను ఆ కంప్యూటర్ గదిలోనే.

సాయంత్రం 6:40
ఇంటి సంచి విప్పాను. రెండు పుస్తకాలు. రెండు దిళ్లు. నాన్న స్వెట్టరు.

అన్నీ అందరి ముందూ వరసగా పరిచాను. చివరికి అమ్మ ఒప్పుకుంది. పైకి ఎక్కుతుంటే నా రొప్పు వంటింట్లోకి వినిపించేదట. రోజుకొక పుస్తకం తీసేసిందట.
“తీసింది మీ అమ్మే. దిళ్లు పెట్టమంది నేను. సంచి బొద్దుగా కనిపించాలి కదా” అన్నారు నాన్న, న్యాయంగా.

నవ్వు రాలేదు. “అమ్మా, ఆ కొండ మీద నా సంచి ఎవరు తీస్తారు?” అన్నాను.
 అమ్మ దిళ్లు తీసుకెళ్లి మంచం మీద పెట్టింది.

నవంబరు 25. ఉదయం 8:15
ఐదింటికి అమ్మ లేపి, తనతో హోటల్ ఉతుకుల గదికి తీసుకెళ్లింది. తడి దుప్పట్ల మూట నా ముందు పడేసింది. నడుము వంచొద్దంది. మోకాళ్లు వంచాలట. మూటను ఒంటికి హత్తుకోవాలట. పై అంతస్తు వైపు చూడకూడదట, వచ్చే మెట్టునే చూడాలట.

మూడు పుస్తకాల్లోనూ లేని సంగతి. నోట్సు పుస్తకం తీశాను.

“రాయకు. ఎత్తు” అంది.

ఎత్తాను. తీర్మానం మళ్లీ మొదలు, ఇంకా ఇరవై ఏడు రోజులు. మొదటి రోజు ఆరు మెట్లు. ఏడో మెట్టు మీద మూటతో సహా కూర్చుండిపోయాను. అమ్మ దిగి వచ్చి నా పక్కనే కూర్చుంది. కొంగుతో నా మొహం తుడిచింది.

మూట మాత్రం తీసుకోలేదు.